గోడవైపు తిరిగిన కుర్చీ

చలికాలం మధ్యాహ్నాల్లో పినాల్ ఊరివాళ్ళు కోస్మే కొట్లో చేరతారు. ఇనుప పొయ్యి చుట్టూ పిండి బస్తాల మీద, మేకుల పెట్టెల మీద కూర్చుని కాఫీ తాగుతూ ఉన్ని ధర గురించీ, కనుమ మీద మంచు గురించీ, ఎవరింట్లో ఎండుమిరప తోరణాలకు బూజు పట్టిందో దాని గురించీ మాట్లాడుకుంటారు. ఆ జనవరిలో వాళ్ళకు ఇంకొక సంగతి కూడా దొరికింది. కనుమకు అవతల, శాన్ బెనీతో పట్నంలో ఉన్న పాఠశాల జిల్లా కార్యాలయం నుంచి ఒక ఉద్యోగి వచ్చి చెప్పి వెళ్ళాడు. ఫిబ్రవరి మొదటి మంగళవారం, జిల్లా బడులన్నీ చూసే బడి బోర్డుకు ఎన్నిక. పినాల్‌లో పోలింగు నడపడానికి ఊళ్ళోంచి ముగ్గురు పేర్లివ్వాలి. ఇవ్వకపోతే పట్నం నుంచే మనుషుల్ని పంపుతారు. ఈసారి గనక ఇక్కడ పోలింగు తెరుచుకోకపోతే, పినాల్ కేంద్రాన్ని ఎత్తేసి శాన్ బెనీతోలో కలిపేస్తారు.

"ఓటు కోసం కనుమ దాటి అంత దూరం ఎవడు పోతాడు?" అన్నాడు గొర్రెల కాపరి ఫెర్మీన్, కాఫీ ఊదుకుంటూ.

"నువ్వా దూరం మాట్లాడేది! కిందటిసారి నీ ఇంటి నుంచి బడిదాకా మీ ఆవిడ వెనకనుంచి తోస్తే వచ్చావు" అన్నాడు కోస్మే.

"తోయలేదు. తోడొచ్చింది."

"చేతిలో చీపురు పట్టుకుని తోడొచ్చిందా?"

అందరూ నవ్వారు. ఆ నవ్వు మధ్యలో తలుపు తెరుచుకుని హెర్లిండా లోపలికి వచ్చింది. నల్ల గౌను, నల్ల శాలువా. ఊళ్ళో ఉన్న రెండు గదుల బడికి ఆమే టీచరు. ఆమె భర్త ఎలీసియో నవంబరులో పోయాడు. ఆమెను చూడగానే నవ్వు ఆగిపోయింది. ఫెర్మీన్ లేచి టోపీ తీశాడు.

"ఎన్నిక మాటేనా?" అని అడిగింది హెర్లిండా.

"అబ్బే, మంచు గురించి వదినా" అన్నాడు కోస్మే. ఎలీసియో అతనికి పెదనాన్న కొడుకు. "ఈ ఏడు మంచు మరీ ఎక్కువగా ఉందని అనుకుంటున్నాం. మీకేం కావాలి?"

ఆమె కిరసనాయిలు, సుద్దముక్కలు తీసుకుని వెళ్ళిపోయింది. తలుపు మూసుకునేదాకా ఎవరూ మాట్లాడలేదు.

చూడటానికి ఇది మర్యాదే. దుఃఖంలో ఉన్న మనిషి ముందు నవ్వకూడదని పెద్దలు నేర్పిన నడవడి. కానీ ఇదే మౌనం ఆ ఊరి బడిని దాదాపు మూసేసినంత పని చేసింది. అందుకే దాన్ని పాఠకులు కాస్త గుర్తుంచుకోవాలని మనవి.

పినాల్‌లో పోలింగు అంటే ఇంతకాలం ఎలీసియోనే. ఊళ్ళోవాళ్ళు "ఓటుకి వెళ్తున్నాం" అనేవారు కారు. "ఎలీసియో దగ్గరికి వెళ్తున్నాం" అనేవారు. తెల్లవారకముందే అతను బడికి వచ్చి, ఓటు పని లేనివాళ్ళు దాటకుండా తలుపు బయట తాడు కట్టి, పెద్ద తరగతి గదిలో బల్ల వేసి, దాని వెనక తన కుర్చీ వేసుకునేవాడు. ఉండాల్సిన మిగతా ఇద్దరినీ ప్రతిసారీ అతనే ఎవరినో ఒకరిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకునేవాడు. వేళకు బడి గంట పట్టుకుని మెట్టు మీద నిలబడి, టోపీ తీసి, నిబంధనలు పైకి చదివేవాడు. ఆ తర్వాత గంట వాయించి, "పినాల్‌లో పోలింగు తెరుచుకుంది" అని లోయ అవతలి పశువులకు కూడా వినిపించేలా అరిచేవాడు. మొదటి ఓటరు ఖాళీ బ్యాలెట్ పెట్టెలో చెయ్యి పెట్టి, లోపలంతా తడిమి, ఒట్టి అరచేతిని బయట నిలబడ్డవాళ్ళకు చూపించాలి. అప్పుడే పెట్టెకు తాళం పడేది. మరో ఊళ్ళో పెట్టెలోకి తొంగి చూస్తే చాలునేమో. పినాల్‌లో మాత్రం చెయ్యి పెట్టి చూపించాలి.

నిబంధనలు చదువుతుంటే జనం ఆవలించేవాళ్ళు. వాటిలో ఒకటి వచ్చినప్పుడు మాత్రం అందరూ నవ్వేవాళ్ళు. "పోలింగు తెరిచే వేళకు అధికారులు రాని పక్షంలో, అక్కడ హాజరైన ఓటర్లు తమలోనుంచి ముగ్గురిని నోటిమాటతో ఎన్నుకుని పోలింగు తెరవవచ్చును" అని చదివి, అతను కాగితం మీదనుంచి తలెత్తేవాడు. "విన్నారుగా? నేను రాకపోతే మీలో ముగ్గురు నిలబడండి. నన్ను అడగక్కర్లేదు."

"నువ్వు రాకపోవడమా ఎలీసియో!" అని వెనకనుంచి ఎవరో ఒకరు అరిచేవారు. "చావొచ్చినా, ఓట్లు లెక్కపెట్టాక రమ్మంటావు!"

చావు ఎన్నిక దాకా ఆగలేదు. కట్టెలు కొడుతూ కొడుతూ గొడ్డలి పక్కన పెట్టి కూర్చున్నాడు. మళ్ళీ లేవలేదు.

అతని కుర్చీ ఇంకా తరగతి గదిలోనే ఉంది. హెర్లిండా దాన్ని గోడవైపు తిప్పి పెట్టింది. పిల్లలు దాన్ని ముట్టుకోరు. ఆమె కూడా ఊడ్చేటప్పుడు దాని చుట్టూ ఊడుస్తుంది తప్ప జరపదు.

ఈసారి ఎన్నిక మామూలుది కాదు. పినాల్ బడిలో పిల్లలు తక్కువని, బడి మూసేసి పిల్లల్ని బస్సులో కనుమ దాటించి శాన్ బెనీతోకు తీసుకుపోతే ఖర్చు కలిసొస్తుందని బోర్డులో కొందరు అంటున్నారు. అది కూడదని కోస్మే తమ్ముడు నికనోర్ పోటీకి నిలబడ్డాడు. ఆ కనుమ దారిలో చలికాలం బస్సు నడపడం అంటే ఏమిటో హెర్లిండాకు తెలుసు. ఆరేళ్ళ పిల్లలు చీకట్లో బస్సెక్కి చీకట్లో దిగాలి. మంచు ఎక్కువైతే దారిలోనే ఆగిపోవాలి. పోనీ భర్త చేసిన పని తానే చేద్దామంటే, జిల్లా జీతం తీసుకునేవాళ్ళు బడి ఎన్నికల్లో అధికారులుగా ఉండకూడదని నిబంధన. ఊళ్ళో ఎవరో ఒకరు ముందుకొస్తారని ఆమె జనవరి అంతా ఎదురుచూసింది. ఒక్కరూ పేరివ్వలేదు. కొట్లోకి వెళ్తే మాట మార్చారు. చర్చి మెట్ల మీద ఎదురైతే తలలు వంచుకున్నారు.

'ఇన్నాళ్ళూ ఆయన ఒక్కడే మోశాడు. వీళ్ళకు పట్టలేదు' అనుకుంది ఆమె. ఆ మాట ఎవరితోనూ అనలేదు. పట్నం నుంచి ముగ్గురు వస్తారని తెలిసినప్పుడు కూడా ఏమీ అనలేదు.

ఎన్నిక ముందురోజు టపా బండిలో బ్యాలెట్ పెట్టె, కాగితాలు వచ్చాయి. బండివాడే వాటిని తరగతి గది బీరువాలో పెట్టి, సీలు చూసుకుని వెళ్ళాడు. ఆ సాయంత్రం నుంచి మంచు కురవడం మొదలైంది.

మంగళవారం తెల్లవారేసరికి కంచె గుంజలు సగం కనిపించడం లేదు. హెర్లిండా బడి తాళం తీసి పొయ్యి రాజేసింది. ఎన్నిక రోజున బడికి సెలవు. ఆమె పని అంతవరకే. కాసేపటికి బయట అడుగుల చప్పుడు, దగ్గులు, మాటలు వినిపించాయి. కిటికీలోంచి చూస్తే ఊరు దాదాపు అంతా వచ్చింది. ఫెర్మీన్ ఈసారి భార్య కన్నా ముందే నడిచి వచ్చాడు. డెబ్భై దాటిన కసిమీరా పెద్దమ్మను ఆమె మనవరాలు ఒదీలా గుర్రపు బండి మీద తీసుకొచ్చింది. ఒదీలా హెర్లిండా దగ్గరే అక్షరాలు నేర్చుకుంది. ఇప్పుడు ఆమె కొడుకు అదే గదిలో నేర్చుకుంటున్నాడు.

పట్టించుకోని జనం ఇంత చలిలో ఎందుకు వచ్చారో హెర్లిండాకు అర్థం కాలేదు.

ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క ఫోను కోస్మే కొట్లో ఉంది. వేళ కావస్తుండగా కోస్మే అక్కడినుంచి రొప్పుతూ వచ్చాడు.

"కనుమ మూసుకుపోయింది. పట్నంవాళ్ళ కారు సగం దారిలో వెనక్కి తిరిగిందట. ప్రెంటిస్ గారు ఫోను చేశారు." ప్రెంటిస్ అంటే ఎన్నికలు చూసే జిల్లా అధికారి. "పినాల్‌లో ఈరోజు పోలింగు తెరవడం లేదట. వెయ్యాలనుకున్నవాళ్ళు శాన్ బెనీతో వచ్చి వేసుకోవచ్చట."

"ఎలా పోవాలట? రెక్కలు కట్టుకునా?" అంది ఒదీలా.

"అదీ అడిగాను. దారి తెరుచుకున్నాక రమ్మన్నారు."

"దారి తెరుచుకునేసరికి ఓట్లు లెక్కపెట్టేసి నిద్రపోతారు."

కాసేపు అటూ ఇటూ మాట్లాడుకున్నారు. తర్వాత, మన ఊళ్ళలో ఇలాంటప్పుడు ఏం జరుగుతుందో అక్కడా అదే జరిగింది. ఒకరు "ఈసారికి పోనీలే" అన్నారు. ఇంకొకరు గుర్రాన్ని విప్పడానికి వెళ్ళారు. ఫెర్మీన్ టోపీ కిందికి లాక్కుని, "ఎలీసియో ఉంటే..." అని మొదలుపెట్టి, మెట్టు మీద నిలబడి ఉన్న హెర్లిండాను చూసి నోరు మూసుకున్నాడు.

"ఉంటే?" అంది ఆమె.

ఫెర్మీన్ టోపీ ఇంకాస్త కిందికి లాక్కున్నాడు.

"ఆయన ఉంటే ఏం చేసేవాడో మీకు తెలీదా? ప్రతిసారీ ఈ మెట్టు మీదే చదివేవాడు. అధికారులు రాకపోతే మీలో ముగ్గురు నిలబడి తెరవచ్చని. విని నవ్వేవాళ్ళు కూడా మీరే."

"గుర్తుంది వదినా" అన్నాడు కోస్మే, నేల చూస్తూ.

"గుర్తుంటే ఎందుకు నిలబడరు? పేర్లివ్వమంటే ఇవ్వలేదు. ఇప్పుడు చెయ్యెత్తమంటే ఎత్తరు. మీకు బడి అక్కర్లేదా? అక్కర్లేదంటే ఇప్పుడే చెప్పండి. పొయ్యి ఆర్పేసి ఇంటికి పోతాను."

మూడు నెలల్లో ఆమె అంత పెద్దగా మాట్లాడటం ఊరు వినలేదు. కసిమీరా పెద్దమ్మ బండి మీదనుంచి మెల్లగా దిగింది. మనవరాలి భుజం పట్టుకుని మెట్టు దగ్గరికి వచ్చింది.

"కోపం తెచ్చుకోకు అమ్మాయ్. నువ్వు కనుమ అవతల పుట్టినదానివి, నీకు తట్టలేదు. మా ఊళ్ళో మనిషి పోతే ఏడాది తిరిగేదాకా అతని పని ఎవరూ అందుకోరు. పొలాలకు నీళ్ళు పంచే కాలువ పెద్ద పోయినప్పుడు అతని పార ఏడాది గోడకి ఆనించే ఉంది కదా. చివరికి అతని భార్య తీసి మరొకరి చేతిలో పెట్టింది. ఎలీసియో కుర్చీ నీది. నువ్వు ఇవ్వకుండా వీళ్ళలో ఎవడు పేరిస్తాడు? ఇచ్చినవాడిని రేపు మొహం మీదే అడగరూ, ఆ మనిషి మట్టి ఇంకా ఆరలేదు, అప్పుడే ఆ చోటుకి ఎగబడ్డావా అని?"

"మరి నాతో ఎందుకు చెప్పలేదు పెద్దమ్మా?"

"దుఃఖంలో ఉన్నదాని దగ్గరికి పోయి, నీ మొగుడి కుర్చీ ఇయ్యమని ఎలా అడుగుతాం?"

కాలువ పెద్ద పార సంగతి హెర్లిండాకు తెలుసు. పార అంటే ఊరిది. ఓటు బల్ల వెనక కుర్చీ ప్రభుత్వానిది. దానికి కూడా ఆ మర్యాద వర్తిస్తుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు. కొట్లో ఆగిన నవ్వు, చర్చి మెట్ల మీద వంగిన తలలు, ఒక్కొక్కటే ఇప్పుడు మరో అర్థంతో కళ్ళ ముందు నిలిచాయి. వాళ్ళు పట్టించుకోలేదని ఆమె అనుకుంది. ఆమెను నొప్పించకూడదని వాళ్ళు అనుకున్నారు. ఎవరికి వాళ్ళు మర్యాదగా మౌనంగా ఉన్నారు. ఆ మౌనాల మధ్య బడి తలుపు మూసుకుపోబోతోంది.

ఆమె లోపలికి వెళ్ళింది. గోడవైపు తిరిగి ఉన్న కుర్చీని రెండు చేతులతో పట్టుకుంది. ఒక్క క్షణం ఎత్తలేకపోయింది. అది బరువైన కుర్చీ ఏమీ కాదు. తర్వాత ఎత్తి, బల్ల వెనక, తలుపుకు ఎదురుగా వేసింది. దుమ్ము తుడిచింది. మేజా మీద ఉన్న గంట తీసుకుని బయటికి వచ్చింది.

"కుర్చీ వేశాను. ఇదిగో గంట. ఇందులో నేను చెయ్యగలిగేది ఇంతే. నాది జిల్లా జీతం. ఇక మిగతాది మీది."

ముందుగా ఒదీలా చెయ్యెత్తింది.

"నేను నిలబడతాను టీచరమ్మా."

"నేనూ" అన్నాడు కోస్మే.

"నువ్వు కూర్చో" అంది కసిమీరా. "పోటీలో ఉన్నవాడి తోడబుట్టినవాళ్ళు పనికిరారు. ఎలీసియో అదీ చదివేవాడు. నువ్వు అప్పుడు కునుకు తీసేవాడివి."

"ఈ ఊళ్ళో నికనోర్‌కి చుట్టం కానిదెవరు పెద్దమ్మా?"

"చుట్టాలు వేరు, తోడబుట్టినవాళ్ళు వేరు. నేనున్నాను. చత్వారం ఉంది, మతి పోలేదు. ఇంకొకరు కావాలి."

అందరి చూపులూ ఫెర్మీన్ మీద పడ్డాయి. అతని వెనక అతని భార్య నిలబడి ఉంది.

"తోయకు" అన్నాడు ఫెర్మీన్ వెనక్కి తిరగకుండానే. "నేనే వెళ్తున్నా."

నోటిమాటతో అడిగితే ఊరంతా ఔనంది. ముగ్గురూ కుడిచేతులెత్తి, నిజాయితీగా నడుపుతామని ఒకరి ఎదుట ఒకరు ప్రమాణం చేశారు. సీలు ఊడదీయడం, ఓటర్ల జాబితా పరచడం, చీటీల కట్ట విప్పడం, తలుపు బయట తాడు కట్టడం అన్నీ వాళ్ళే చేశారు. ఏది ఎక్కడుందో హెర్లిండా చెప్పింది గానీ, చేతులు మాత్రం వెనక్కి కట్టుకునే నిలబడింది. తమది కానిది ముట్టుకోకూడదని పిల్లలకు చెప్పే మనిషి తాను కూడా ముట్టుకోదు.

కుర్చీలో ఎవరు కూర్చోవాలన్నప్పుడు ఒదీలా తటపటాయించింది. కసిమీరా ఆమెను భుజం పట్టి కూర్చోబెట్టింది.

కొద్దిసేపటికి ఒదీలా గంట తీసుకుని మెట్టు మీదికి వచ్చింది. శాలువా తల మీదనుంచి తీసింది. నిబంధనలు చదివింది. ముగ్గురు నిలబడవచ్చునన్న చోట ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆవలింతలు కూడా లేవు. గంట వాయించి, "పినాల్‌లో పోలింగు తెరుచుకుంది!" అని అరిచింది. గొంతు మధ్యలో జీరపోయింది. "ఇంకా గట్టిగా" అన్నారు వెనకనుంచి. మళ్ళీ అరిచింది. లోయ అవతల ఏదో ఆవు బదులు పలికింది.

"మొదటి ఓటు ఎవరిది?" అన్నాడు ఫెర్మీన్ లోపలినుంచి.

జనం పక్కకు జరిగి హెర్లిండాకు దారిచ్చారు. ఆమె ఓటు వేయకూడదని ఏ నిబంధనా లేదు. ఆమె లోపలికి వెళ్ళి, పెట్టెలో చెయ్యి పెట్టింది. నాలుగు మూలలూ, అడుగూ తడిమింది. చల్లని చెక్క తప్ప ఏమీ లేదు. చెయ్యి తీసి, తలుపు దగ్గరికి వచ్చి, ఖాళీ అరచేతిని అందరికీ చూపించింది. ఇన్నేళ్ళూ ఈ పని ఎలీసియో ఎదుట ఎవరో ఒకరు చేస్తుంటే ఆమె చూసింది. తాను చేయడం ఇదే మొదటిసారి. కసిమీరా తాళం వేసింది.

మధ్యాహ్నం దాటాక మంచు తోసే బండి దారి తీసింది. దాని వెనకే ప్రెంటిస్ కారు వచ్చింది. బడి బయట బారులు తీరిన జనాన్ని చూసి అతను నేరుగా లోపలికి నడిచాడు. ఊరివాళ్ళ భాష స్పానిష్. అతను దాన్ని కొంచెం నెమ్మదిగా మాట్లాడతాడు.

"ఎవరు తెరవమన్నారు? పోలింగు లేదని నేను ఫోను చేశాను కదా!"

"ముందు తలుపెయ్యి నాయనా, చలి" అంది కసిమీరా.

అతను తలుపేశాడు.

"మీరు పంపినవాళ్ళు రాలేదు" అంది ఒదీలా, కుర్చీలోంచి లేవకుండా. "మేం ఇక్కడే ఉన్నాం. ముగ్గుర్ని ఎన్నుకున్నాం, ప్రమాణం చేశాం. ఆలస్యంగా తెరిచామని వేళ కూడా రాసిపెట్టాం. నిబంధనలో ఉందో లేదో మీరే చెప్పండి."

ప్రెంటిస్ చెడ్డవాడు కాడు. అతనికి ఆ నిబంధన తెలుసు. తెలిసినా, పినాల్ దాన్ని వాడుకుంటుందని అనుకోలేదు. బల్ల మీద కాగితాలన్నీ చూశాడు, పెట్టె తాళం చూశాడు, తలూపాడు.

"అన్నీ సరిగానే ఉన్నాయి. కానీ మనిషిని పంపి, ఫోను చేసి, మూడుసార్లు పేర్లడిగాను. ఒక్కరూ ఇవ్వలేదు. మీ ఊరికి దీని మీద ఆసక్తి లేదనుకున్నాను."

"నేనూ అలాగే అనుకున్నాను" అంది హెర్లిండా. "మనిద్దరం ఒకటే పొరపాటు చేశాం. ఎందుకు ఇవ్వలేదని అడగలేదు."

ప్రెంటిస్ ఏదో అనబోయాడు. ఒదీలా అడ్డం వచ్చింది.

"అయ్యా, మీకు ఇక్కడ ఓటు లేదు. పర్యవేక్షణ అయిపోతే తాడు బయట నిలబడండి. జనం ఆగిపోయారు."

ఒక్క క్షణం అతని మొహం ఎర్రబడింది. తర్వాత నవ్వేసి, టోపీ పెట్టుకుని తాడు బయటికి వెళ్ళాడు. కోస్మే అతనికి కాఫీ ఇచ్చాడు.

"ఊరికేనండీ" అన్నాడు. "ఎన్నిక రోజు తాడు బయట నిలబడేవాళ్ళకి మా కొట్లో కాఫీ ఊరికే. పొద్దుట్నుంచి నేనూ ఇక్కడే ఉన్నాను."

ఆ సాయంత్రం పినాల్ పెట్టెలోని ఓట్లే నికనోర్‌ను గెలిపించాయి. బోర్డులో బడి మూసే మాట ఆ ఏడాదికి వెనక్కి పోయింది. వచ్చే ఏడాది మళ్ళీ రావచ్చు. వస్తే మళ్ళీ తెరవాల్సి ఉంటుంది.

మర్నాడు పిల్లలు బడికి వచ్చేసరికి కుర్చీ బల్ల వెనకే, తలుపుకు ఎదురుగా ఉంది. ఒదీలా కొడుకు దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

"టీచరమ్మా, దీన్ని మళ్ళీ గోడవైపు తిప్పాలా?"

"వద్దు" అంది హెర్లిండా. పిల్లలందరినీ కూర్చోమంది. సుద్దముక్క చేతిలోకి తీసుకుంది గానీ, వెంటనే ఏమీ రాయలేదు.

"ఈ కుర్చీలో చాలా ఏళ్ళు ఒక మంచిమనిషి కూర్చున్నాడు. ఆయన మీద గౌరవంతో మనం దీన్ని ఖాళీగా ఉంచాం. ఇంకొంచెం ఉంటే బడినే పోగొట్టుకునేవాళ్ళం. మీరు పెద్దయ్యాక ఎవరైనా వచ్చి మీ ఊళ్ళో తలుపు తెరవడానికి మనిషి లేడంటే, పట్నం వైపు చూడకండి, పోయినవాళ్ళ వైపు కూడా చూడకండి. లేచి వెళ్ళి మీరే తెరవండి. పోయినవాళ్ళకు మనం ఇవ్వగలిగిన గౌరవం అదే."